పిల్లలకు గోల్ఫ్ నేర్పేటప్పుడు హోల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి

ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి భుజాన చిన్న బ్యాగు వేసుకుని లిఫ్ట్ దగ్గర నిలబడితే, అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "మావాడికి కూడా నేర్పిద్దామనుకుంటున్నామండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" లిఫ్ట్ కిందికి దిగేలోపు చెప్పగలిగేది కాదు. అందుకే వరసగా రాస్తున్నాను.

మేం మొదలుపెట్టింది తప్పుగానే. ఆరేళ్ళ పిల్లను నేరుగా రేంజ్‌కి (బంతులు దూరంగా కొట్టి సాధన చేసే మైదానానికి) తీసుకెళ్ళి, పెద్ద డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి కర్ర) చేతికిచ్చి, వంద బంతుల బకెట్ ముందు పెట్టాం. అరగంటలో అరచేతులు పొక్కిపోయాయి. బంతి పది అడుగులు కూడా కదల్లేదు. నాలుగు నెలలు ఆ మాటే ఎత్తనివ్వలేదు. రెండోసారి పుట్టర్‌తో (బంతిని నేల మీద గుంటలోకి దొర్లించే కర్రతో), ఇంట్లో జంపఖానా మీద మొదలుపెట్టాం. ఇప్పటిదాకా ఆగలేదు.

కింద చెప్పే క్రమమంతా ఆ రెండోసారిదే. హోల్‌కి, అంటే బంతి పడాల్సిన గుంటకి, అడుగు దూరంలో మొదలుపెట్టి, బాగా కుదిరిన కొద్దీ వెనక్కి జరుగుతూ, చివరికి టీ దగ్గరికి, అంటే ఆట మొదలయ్యే చోటికి, చేరడం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ఒక మాట. "క్లబ్" అంటే ఆడే కర్రా, సభ్యత్వం తీసుకునే చోటా అని తికమక పడకుండా, కర్రను కర్రే అంటాను.

1. ఏ వయసులో, ఎంతసేపు

నాలుగైదేళ్ళ పిల్లలు కూడా పుట్టర్ పట్టుకోగలరు. పదేళ్ళు దాటినవాళ్ళకు ఆలస్యమైందని కంగారు అక్కర్లేదు, వాళ్ళు చెప్పింది త్వరగా అందుకుంటారు. వయసు కంటే చూడవలసింది ఒకటుంది. "కర్ర కింద పెట్టు" అంటే వెంటనే పెడతారా? పెట్టకపోతే ఇంకొన్నాళ్ళు ప్లాస్టిక్ కర్ర, స్పాంజి బంతి చాలు.

నేను పాటించే సమయాలు ఇవి:

- 4 నుంచి 6 ఏళ్ళు: 20 నిమిషాలు
- 7 నుంచి 9 ఏళ్ళు: 40 నిమిషాలు
- 10 ఏళ్ళ పైన: గంట, మధ్యలో ఒక విరామంతో

వారానికి రెండు మూడుసార్లు చాలు. "ఇంకొక్కటి కొడతానమ్మా" అంటున్నప్పుడే ఆపేయండి. మిగతా రోజుల్లో క్రికెట్, ఈత, కబడ్డీ ఏదైనా ఆడనివ్వండి. గోల్ఫ్‌లో నడుము ఒకే వైపుకి పదేపదే తిరుగుతుంది కాబట్టి, ఎదిగే ఒంటికి వేరే ఆటలు కూడా కావాలి.

2. కర్రలు కొనేముందు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది, ఎక్కువ చెడు అలవాట్లు పుట్టేది ఇక్కడే.

పెద్దవాళ్ళ పాత కర్రను పొట్టిగా కోయించి ఇవ్వకండి. పొడవు తగ్గుతుంది గానీ తల బరువు అలాగే ఉంటుంది, షాఫ్ట్ (కర్ర కాడ) ఇంకా బిర్రుగా మారుతుంది. ఆ బరువును తిప్పలేక పిల్లలు ఒళ్ళంతా వెనక్కి వాల్చి బంతిని ఎత్తడానికి చూస్తారు. ఆ వాలడం ఒకసారి అలవాటైతే వదిలించడానికి నెలలు పడుతుంది.

పిల్లల కర్రలు తేలిగ్గా ఉంటాయి, షాఫ్ట్ కాస్త వంగుతుంది. సెట్ మీద వయసు రాసి ఉన్నా మీరు చూడవలసింది ఎత్తు. గోడకు నిలబెట్టి కొలిచి, ఆ సెంటీమీటర్లు రాసుకుని వెళ్ళండి.

దుకాణంలోనే చూసుకోవలసినవి:

- పిల్ల కాస్త ముందుకు వంగి, చేతులు వదులుగా వేలాడేసి కర్ర పట్టుకుంటే, దాని అడుగు నేలకు సమంగా ఆనాలి. ముందు కొస గాల్లోకి లేస్తే కర్ర పొడవు ఎక్కువైనట్టు.
- ఎదుగుతారు కదా అని కాస్త పొడవుది కొన్నా, పై నుంచి రెండు మూడు సెంటీమీటర్లు వదిలి పట్టుకుంటే సరిపోవాలి. అంతకంటే కిందికి పట్టుకోవలసి వస్తే వద్దు.
- ఒక్క చేత్తో కర్రను ముందుకు చాచి, ఐదు లెక్కపెట్టేదాకా వణక్కుండా పట్టుకోగలగాలి.

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 కర్రల వరకూ ఉండొచ్చు. మీ పిల్లకు నాలుగు చాలు: పుట్టర్, వెడ్జ్ (దగ్గర నుంచి బంతిని పైకి లేపేది), 7 లేదా 8 నంబర్ ఐరన్ (మధ్య దూరాలకు), ఒక హైబ్రిడ్ (ఇంకా దూరం కొట్టడానికి). డ్రైవర్ ఏడాది తర్వాత. ఏడాదికో రెండేళ్ళకో సైజు మారుతుంది కాబట్టి, మీ పిల్లకంటే పెద్ద పిల్లలున్న ఇంటి నుంచి సెకండ్ హ్యాండ్ తీసుకోవడం మంచిపని. మాది మూడో చేతి సెట్.

ఎడమచేతి వాటం పిల్లలుంటే దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి, మన దగ్గర ఎడమచేతి పిల్లల సెట్లు సులువుగా దొరకవు. రాసేది కుడిచేత్తో అయినా బ్యాటింగ్ ఎడమచేతి వైపు చేసే పిల్లలుంటారు. వాళ్ళకు రెండు రకాలూ ఇచ్చి, ఏది చూస్తే సహజంగా ఉందో దాన్నే ఖాయం చేయండి.

బూట్లు మామూలు స్పోర్ట్స్ షూ చాలు. కాలరున్న టీషర్టు ఒకటి ఉంచండి, చాలా కోర్సుల్లో (గోల్ఫ్ మైదానాల్లో) అడుగుతారు. గ్లవ్ మొదట్లో అక్కర్లేదు. చెమట తుడుచుకోవడానికి పొడిగుడ్డ మాత్రం తప్పనిసరి.

3. మొదటి రోజే నేర్పాల్సిన భద్రత

బంతి తగులుతుందని అందరూ భయపడతారు. చిన్నపిల్లల్లో ఎక్కువ ప్రమాదం పక్కవాళ్ళు తిప్పే కర్రతోనే, అదీ తలకు. అన్నయ్య ఆడుతుంటే వెనక నుంచి చెల్లి పరుగెత్తుకొస్తుంది. ఇంట్లో కూడా ఇదే జరుగుతుంది.

కర్ర ముట్టకముందే ఈ ఐదూ పలికించండి:

- కర్ర తిప్పే ముందు చుట్టూ చూడాలి, వెనక్కి కూడా.
- ఇంకొకరు ఆడుతుంటే నాలుగు కర్రల దూరంలో నిలబడాలి.
- బంతికి ముందు వైపు ఎవరూ వెళ్ళకూడదు. బంతులు ఏరేది అందరూ కర్రలు కింద పెట్టాకే.
- నడిచేటప్పుడు కర్ర ఊపకూడదు.
- "ఫోర్!" (బంతి వస్తోంది, జాగ్రత్త) అని ఎవరైనా అరిస్తే పైకి చూడకూడదు. తల దించి, రెండు చేతులతో కప్పుకోవాలి. తన బంతి ఎవరి వైపైనా పోతే తనే గట్టిగా అరవాలి.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి, చెట్టు కిందికి కాకుండా భవనంలోకి వెళ్ళాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపే ముగించండి. టోపీ, నీళ్ళ సీసా పెట్టండి. దాహం వేసేదాకా ఆగకుండా పది పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగించండి.

4. మొదటి రెండు వారాలు: జంపఖానా మీద పుటింగ్

కావలసినవి పుట్టర్, మూడు బంతులు, ఒక మంచినీళ్ళ గ్లాసు, సుద్దముక్క. మార్బుల్, టైల్స్ మీద బంతి జారిపోతుంది. జంపఖానా గానీ యోగా మ్యాట్ గానీ పరవండి.

గ్లాసును పక్కకు పడుకోబెట్టి, మూతి పిల్ల వైపు ఉంచండి. గ్లాసు మూతి ఏడెనిమిది సెంటీమీటర్లుంటుంది. కోర్సు మీద హోల్ 10.8 సెంటీమీటర్లు. ఇంట్లో గ్లాసుతో ఆడిన పిల్లకు మొదటిసారి అసలు హోల్ చూడగానే "ఇంత పెద్దదా!" అనిపిస్తుంది. మా అమ్మాయి ముఖం ఆ రోజు ఎలా వెలిగిందో నాకు ఇంకా గుర్తుంది.

(అ) అడుగు దూరంలో బంతి పెట్టండి. పాదాలు భుజాలంత ఎడంగా, కళ్ళు బంతికి సూటిగా పైన ఉండాలి.

(ఆ) మణికట్టు కదలకూడదు. రెండు భుజాలూ, చేతులూ కలిసి ఉయ్యాలలా ఊగాలి. "ఉయ్యాల వెనక్కి, ఉయ్యాల ముందుకి" అంటూ ఊగిస్తే లయ తనంతట తనే వస్తుంది.

(ఇ) వరసగా మూడు పడితే ఒక అడుగు వెనక్కి. తప్పితే అక్కడే మళ్ళీ. ఐదడుగులు దాటాక ఒకటి తప్పినా ఒక అడుగు ముందుకు రావాలి. నిచ్చెన ఎక్కి దిగడం లాంటి ఈ ఆటతోనే చిన్నపిల్లలు గంట గడిపేస్తారు, మీరే ఆపాలి.

(ఈ) బంతికి అర అడుగు ముందు రెండు పుస్తకాలు నిలబెట్టి, వాటి మధ్య నుంచి పోనివ్వమనండి. సూటిగా కొట్టడం మీరు ఒక్క మాట చెప్పకుండానే వస్తుంది.

దూరం అంచనా కోసం గ్లాసు తీసేసి సుద్దతో గీత గీయండి. బంతి గీత దాటాలి, గోడను తాకకూడదు. గట్టిగా కొట్టాలంటే ఉయ్యాల పెద్దదవ్వాలే తప్ప చేతిలో కుదుపు రాకూడదు.

ఈ దశను తొందరగా దాటేయాలని ఉంటుంది. దాటేయకండి. బెంగళూరులో ఐదేళ్ళ వయసులో కర్ర పట్టిన అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవ్ దూరంలో దాదాపు అందరికంటే వెనకబడి ఉండి కూడా నాలుగో స్థానంలో నిలిచింది. నిలబెట్టింది పుటింగే.

5. మూడో వారం: చిప్

చిప్ అంటే బంతిని కాస్త పైకి లేపి దగ్గర్లోనే వేసే చిన్న షాట్. డాబా మీదైనా, పార్కులో గడ్డి మీదైనా చేయొచ్చు. గచ్చు మీదైతే పాత డోర్‌మ్యాట్ వేయండి. బంతులు స్పాంజివో ప్లాస్టిక్‌వో వాడండి, కిటికీ అద్దాలు, పక్కింటివాళ్ళ కుండీలు క్షేమంగా ఉంటాయి. మూడు నాలుగు మీటర్ల దూరంలో గంప పెట్టండి.

పిల్లలకు ముందు వెడ్జ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) చూపించండి. జారుడుబల్లలా వాలుగా ఉంటుంది. "బంతిని పైకి లేపేది ఈ వాలు. నువ్వు లేపక్కర్లేదు, చీపురుతో గడ్డిని ఊడ్చినట్టు ఊడ్చు చాలు." ఈ ఒక్క వాక్యం సగం తప్పుల్ని రానివ్వదు.

- పాదాలు దగ్గరగా, ఒక జానెడు ఎడంతో.
- బరువు ముందు కాలి మీద. కుడిచేతి వాటం పిల్లకు ఎడమకాలు.
- చేతులు బంతి కంటే కొంచెం ముందుకు.
- పుటింగ్‌లో ఊగిన ఉయ్యాలే, కాస్త పెద్దగా.

మొదట బంతి లేకుండా పదిసార్లు ఊడ్పించండి. గడ్డి తాకిన "సర్ర్" చప్పుడు ప్రతిసారీ ఒకేచోట వినపడాలి. అప్పుడు బంతి పెట్టండి.

6. పట్టు, నిలబడటం

పుట్టర్, చిప్ వచ్చేసరికి కర్ర చేతికి అలవాటవుతుంది. ఇప్పుడు పట్టు సరిచేస్తే మాట వింటారు.

కుడిచేతివాళ్ళకు ఎడమచేయి పైన, కుడిచేయి కింద. క్రికెట్ బ్యాట్ పట్టినట్టే. కర్ర అరచేతిలో కాకుండా వేళ్ళ మొదళ్ళలో ఉండాలి. చిటికెన వేలు మెలేసే పట్లు ఇప్పుడే వద్దు. చిన్న చేతులకు పది వేళ్ళూ కర్ర మీద ఉండే పట్టే బలమైనది. ఎంత గట్టిగా? పిచ్చుకపిల్లను పట్టుకున్నంత: ఎగిరిపోకూడదు, నలగకూడదు.

గురికి రైలు పట్టాలు గుర్తుచేయండి. ఒక పట్టా మీద బంతి, రెండో పట్టా మీద పాదాలు. రెండు పట్టాలూ సమానంగా సాగుతాయి. నేల మీద రెండు కర్రలు పరిచి చూపిస్తే చాలు.

7. రెండో నెల: పూర్తి స్వింగ్

చివరి భంగిమ ముందు నేర్పండి. బొడ్డు లక్ష్యం వైపు తిరిగి ఉండాలి, వెనక కాలి మడమ లేచి ఉండాలి, బరువంతా ముందు కాలి మీద. అలా మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలి. "ఫోటో తీస్తున్నా, కదలకు" అనండి. నిలబడగలిగితే మధ్యలో జరిగింది చాలావరకు బాగున్నట్టే.

తర్వాత ఐరన్‌ను తలకిందులుగా, తల వైపు పట్టించి గాల్లో తిప్పించండి. "సుయ్య్" మని చప్పుడొస్తుంది. అది బంతి ఉండే చోటు దాటాక గట్టిగా వినపడాలి. వెనకే వినపడితే వేగమంతా ముందే ఖర్చయిపోయిందన్నమాట.

ఇప్పుడు ఐరన్‌తోనే, కానీ బంతిని పొట్టి టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు, దాని పేరూ టీనే) మీద పెట్టి. మొదటి రెండు నెలలు ప్రతి షాటూ టీ మీదనే ఆడించండి. అందులో తప్పేమీ లేదు.

గట్టిగా కొడతామంటే కొట్టనివ్వండి. వేగం చిన్నప్పుడే ఒంటికి వస్తుంది. పడిపోకుండా నిలబడాలన్నది ఒక్కటే షరతు. పుస్తకంలో బొమ్మలా స్వింగ్ రావాలని వేధించకండి. హైదరాబాద్ నుంచి వెళ్ళిన కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన సాహిత్ తీగలకు వెన్నెముకలో వంపు ఉంది. తన ఒంటికి కుదిరిన స్వింగ్‌తోనే 2023లో అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్‌లో టోర్నమెంట్ గెలిచాడు.

8. రేంజ్‌లో మొదటి రోజు

బకెట్‌లో సగం మీ దగ్గర పెట్టుకోండి. పిల్లకు 30 బంతులు చాలు. ఐదేసి బంతుల కుప్పలు చేసి, ప్రతి కుప్పకూ ఒక లక్ష్యం ఇవ్వండి: ఆ తెల్లబోర్డు, ఆ జెండా, ఆ చెట్టు. కుప్పకీ కుప్పకీ మధ్య నీళ్ళు తాగాలి.

మీరు నోరు కట్టుకోవడమే ఇక్కడ అతి కష్టమైన పని. ఒక రోజుకి ఒక్క సూచన చాలు. ఇవాళ "చివర్లో నిలబడు" అంటే ఇవాళంతా అదే. "తల దించు, మోచెయ్యి వంచకు, మోకాలు చూసుకో" అని మూడు కలిపి చెబితే పిల్లలు బొమ్మలా బిగుసుకుపోతారు.

9. కోచ్‌ను ఎంచుకోవడం

హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గర, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లో కోర్సులున్నాయి. సభ్యులు కానివాళ్ళ పిల్లలను తీసుకుంటారా, ఏ వయసు నుంచి, ఏ వేళల్లో అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వెళ్ళేముందు ఫోన్ చేయండి.

అడగవలసినవి:

- గుంపులో ఎంతమంది పిల్లలు? ఆరుగురు దాటితే ఇంకో పెద్దమనిషి ఉండాలి.
- పుటింగ్, చిప్‌లకు ఎంత సమయం? "ముందు స్వింగ్ సెట్ చేద్దాం" అంటే ఆలోచించండి.
- పిల్లల సైజు కర్రలు అక్కడ ఉన్నాయా?
- తల్లిదండ్రులు కూర్చుని చూడొచ్చా? కుదరదంటే చేర్పించకండి.
- కోర్సు మీదికి ఎప్పుడు తీసుకెళ్తారు?

ఒక క్లాసు దూరంగా కూర్చుని చూడండి. కోచ్ మాట్లాడే సమయం కంటే పిల్లలు ఆడే సమయం ఎక్కువుండాలి.

10. కోర్సు మీద మొదటిసారి

రద్దీ లేని సాయంత్రం, మూడే హోల్స్ (టీ నుంచి గుంట దాకా ఉన్న ఒక్కో భాగాన్నీ హోల్ అనే అంటారు). టీ దగ్గరికి వెళ్ళకండి. ఫెయిర్‌వేలో (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డిలో), గ్రీన్‌కి (గుంట ఉండే నున్నటి గడ్డికి) 25 గజాల దూరంలో బంతి పెట్టి ఆడించండి.

నాలుగు దెబ్బల్లో హోల్‌లో పడితే బాగా ఆడినట్టే. తొమ్మిది హోల్స్ అలా 36లో ముగించగలిగిన రోజున 50 గజాలకు, ఆ తర్వాత 100కు, 150కి జరగండి. అమెరికాలో ఆపరేషన్ 36 అనే పద్ధతి సరిగ్గా ఇలాగే నడుస్తుంది. 400 గజాల హోల్‌ను ఏడేళ్ళ పిల్లతో టీ నుంచి ఆడిస్తే పదిహేను దెబ్బలు పడతాయి, ఏడుపు అదనం.

ఎనిమిది దెబ్బలైనా పడకపోతే బంతి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కి. ఇసుకలో ఇరుక్కుంటే రెండుసార్లు ప్రయత్నించి, చేత్తో బయటకు వేసేయొచ్చు.

ఇప్పుడు కావలసిన నియమాలు, మర్యాదలు ఇవే:

- పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే.
- డ్రాప్ చేయాల్సివస్తే (ఆడలేని చోట పడ్డ బంతిని వేరేచోట వేయాల్సివస్తే) మోకాలి ఎత్తు నుంచి వదలాలి.
- పుట్ చేసేటప్పుడు జెండా హోల్‌లోనే ఉంచొచ్చు.
- గ్రీన్ మీద ఇంకొకరి బంతికీ హోల్‌కీ మధ్య నడవకూడదు.
- బంకర్ (ఇసుక గుంట) నుంచి వచ్చేటప్పుడు ఇసుక చదును చేయాలి. గ్రీన్ మీద బంతి చేసిన గుంట పూడ్చాలి. పూడ్చే పని పిల్లలకు ఎంత ఇష్టమో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

వెనక ఎవరైనా వస్తే పక్కకు తప్పుకుని ముందుకు పోనివ్వండి. కేడీ (బ్యాగు మోసే సహాయకుడు) ఉంటే "అన్నా" అని పలకరించి, వెళ్ళేటప్పుడు థాంక్స్ చెప్పడం పిల్లకు మొదటి రోజే అలవాటు చేయండి. ఆ నేల గురించి ఆయనకు తెలిసినంత మనలో ఎవరికీ తెలీదు.

11. ఎక్కువగా కనిపించే తప్పులు, సవరణలు

*బంతిని ఎత్తబోవడం.* ఒళ్ళు వెనక్కి వాలుతుంది, కర్ర ముందు నేలను తాకుతుంది. బంతికి జానెడు వెనక చుట్టిన తువ్వాలు పెట్టండి. తువ్వాలు తాకకుండా బంతిని కొట్టాలి. రెండు మూడు రోజుల్లో తేడా కనిపిస్తుంది.

*బంతి పైభాగాన్ని కొట్టడం.* "తల పైకెత్తావు" అని అందరూ అంటారు. తరచుగా అసలు కారణం చేతులు ముడుచుకోవడం. టీ మాత్రమే పెట్టి, దాన్ని కొట్టమనండి. ఐదుసార్లు తగిలాక దాని మీద బంతి.

*క్రికెట్ ఆడే పిల్లల అడుగు.* బంతి కొట్టేముందు ముందుకాలు వేస్తారు. పాదాలు రెండూ కలిపి నిలబెట్టి సగం స్వింగులు చేయిస్తే కాలు కదిపే వీలుండదు. వాళ్ళకున్న మంచి గుణం, గట్టిగా తగిలించే ధైర్యం, పోనివ్వకండి.

*బంతి ఎప్పుడూ కుడివైపే పోవడం.* స్వింగ్ జోలికి వెళ్ళకండి. ముందు పట్టాలు పరిచి గురి చూడండి. గురి సరిగ్గానే ఉంటే పట్టు చూడండి: నిలబడి కిందికి చూస్తే ఎడమచేతి రెండు వేళ్ళ కణుపులు కనబడాలి.

*నడుము, మోచేయి నొప్పి.* వారం ఆపండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి. నొప్పితో ఆడించకండి.

*"ఇవాళ రాను."* సరేననండి. నేను మొదటి ఏడాది ఇలాంటి రోజుల్లో ఫీజు లెక్కలు చెప్పి లాక్కెళ్ళాను. ఆ రోజుల్లో తను నేర్చుకున్నది ఏమీ లేదు.

12. పోటీలు

తొమ్మిది హోల్స్ రెండు మూడు గంటల్లో, తన దెబ్బలు తనే నిజాయితీగా లెక్కపెట్టుకుంటూ ఆడగలిగితే పోటీ గురించి ఆలోచించొచ్చు. ముందు క్లబ్ స్థాయి జూనియర్ పోటీలు. జాతీయ స్థాయిలో ఇండియన్ గోల్ఫ్ యూనియన్ వయసుల వారీగా జూనియర్ టోర్నమెంట్లు నడుపుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు దారి ఇంకా సులువు. పిల్లలకు గోల్ఫ్ నేర్పే ఫస్ట్ టీ సంస్థ శాఖల్లో తరగతులుంటాయి. పీజీఏ జూనియర్ లీగ్‌లో జట్టుగా ఆడతారు, ఒంటరిగా ఆడటానికి బెరుకు పడే పిల్లలకు అది బాగుంటుంది. యూత్ ఆన్ కోర్స్‌లో చేరితే ఆ పథకంలో ఉన్న కోర్సుల్లో ఐదు డాలర్లకో అంతకంటే తక్కువకో ఆడొచ్చు. ఏడు నుంచి పదిహేనేళ్ళ వాళ్ళకు డ్రైవ్, చిప్ అండ్ పుట్ పోటీ ఉంది. పేరులో చివర ఉన్న పుట్ నుంచే సాధన మొదలుపెట్టండి.

పోటీ రోజున మీ బ్యాగులో ఉండాల్సినవి:

- నీళ్ళు, అరటిపండు, కాసిని వేయించిన పల్లీలు
- పొడిగుడ్డ, అదనపు సాక్సులు
- ఆరు బంతులు, అన్నిటి మీదా పిల్ల పెట్టుకున్న గుర్తు
- పెన్సిల్ రెండు

ఆట అయ్యాక కారులో స్కోరు అడగకండి. ముందు తిండి పెట్టండి. ఏ షాట్ బాగా కుదిరిందో తనే చెబుతుంది, ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉంటుంది.